నష్టం ఎవరిది? – వడ్డీలేని వ్యాపారానికి ధర్మశాస్త్ర మూలాలు

ప్రతి సంవత్సరం పరీక్షలు దగ్గరపడే వేళకు డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థులు మా వద్దకు వచ్చి ఒకే ప్రశ్నను పలు విధాలుగా అడుగుతూ ఉంటారు. “పై చదువుకు బ్యాంకు అప్పు తీసుకోవచ్చునా సార్?” అని ఒకరు, “బ్యాంకు ఉద్యోగానికి పరీక్ష వ్రాస్తే తప్పా?” అని మరొకరు, “మా నాయన తెచ్చిన పంటరుణం సంగతేమిటి?” అని ఇంకొకరు. మేము తెలుగు చెప్పే ఉపన్యాసకులమే కాని ముఫ్తీలము కాము. ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. అయినా ఈ ప్రశ్నలు మాకు పరాయివి కావు. ప్రతి నెలా మా జీతం బ్యాంకులోనే పడుతున్నది. మూడు నెలలకొకసారి మేము అడగకపోయినా అందులో వడ్డీ చేరుతున్నది. పెద్దలు చెప్పిన ప్రకారం ఆ పైకాన్ని విడిగా లెక్కకట్టి, పుణ్యం ఆశించకుండా, అవసరంలో ఉన్నవారికి ఇచ్చివేస్తున్నాము. ఇక సొంత ఇల్లు అనే మాట ఇంట్లో వచ్చినప్పుడల్లా సంభాషణ మరొక విషయం మీదికి మళ్ళుతుంది. మేము నేటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాము.

కనుక తీర్పు ఏమిటి అన్నది విద్వాంసులకు విడిచి, తీర్పు ఎక్కడి నుండి వస్తుంది అన్నదాన్ని మాకు తెలిసినంతలో ఈ వ్యాసంలో వివరింపదలచాము. ‘ఇస్లామీయ బ్యాంకు’, ‘హలాల్ పెట్టుబడి’ అనే మాటలు నేడు పట్టణాల్లోనే కాక పల్లెల్లోనూ వినబడుతున్నాయి. ఆ మాటల వెనుక ఉన్న మూలాలు తెలియకపోతే ఎంతటి అనర్థం కలుగుతుందో మా కుటుంబంలోనే చూశాము. ఆ సంగతి ముందుకు వస్తుంది.

షరీఅత్ అనగానే చాలామంది శిక్షాస్మృతి వలె సెక్షన్ల వారీగా అచ్చువేసిన ఒకే పుస్తకాన్ని ఊహించుకుంటారు. అట్టి పుస్తకం లేదు. ఉన్నది ఒక అన్వేషణ పద్ధతి. ప్రవక్త ముహమ్మద్ (స) ముఆజ్ బిన్ జబల్ గారిని యమన్ దేశానికి పంపుతూ, నీ ముందుకు వివాదం వస్తే దేనిని బట్టి తీర్పు చెబుతావని అడిగారట. దైవగ్రంథాన్ని బట్టి అని ఆయన బదులు చెప్పారు. అందులో దొరకకపోతే? ప్రవక్త సంప్రదాయాన్ని బట్టి. అందులోనూ దొరకకపోతే? నా బుద్ధిని శక్తివంచన లేకుండా ఉపయోగించి అని చెప్పగా ప్రవక్తవారు సంతోషించారని హదీసు. దీని ఉల్లేఖన పరంపరపై హదీసు పండితులకు భిన్నాభిప్రాయాలున్నా, న్యాయశాస్త్ర గ్రంథాలు అనేకం ఈ సంభాషణను ఆదరంతో పేర్కొంటాయి. క్రీ.శ. 820లో మరణించిన ఇమామ్ షాఫియీ తమ ‘రిసాలా’ గ్రంథంలో ఈ పద్ధతికి శాస్త్రరూపం కల్పించారు. ఖురాన్, సున్నత్, ఇజ్మా, ఖియాస్ అనే నాలుగు మూలాల క్రమం ఆ విధంగా స్థిరపడింది.

మా విద్యార్థులకు ఇది అర్థం కావడానికి మేము మా పాఠం నుండే ఒక పోలిక చెబుతూ ఉంటాము. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం ఉన్నది. మహాకవుల ప్రయోగం ఆ సూత్రం ఎట్లా నడుస్తుందో చూపిస్తుంది. లాక్షణికులందరూ ఏకీభవించిన చోట మనం తిరిగి వాదానికి దిగము. ఇక సూరిగారి కాలంలో ‘బస్సు’ అనే మాట తెలుగులో లేదు. అయినా ‘బస్సెక్కాడు’ అని సంధి చేస్తున్నాము. ఎందుకు? ఆ మాట చివర ఉకారం ఉన్నది. సంధికి కారణమైన గుణం పాతమాటలో ఏది ఉన్నదో కొత్తమాటలోనూ అదే ఉన్నది కనుక పాతవిధి కొత్తమాటకూ వర్తించింది. ఆ కారణ గుణాన్నే న్యాయశాస్త్రంలో ‘ఇల్లత్’ అంటారు. ఇల్లత్‌ను గుర్తించి విధిని విస్తరింపజేయడమే ఖియాస్. దైవవాక్కును వ్యాకరణ సూత్రంతో సమానం చేస్తున్నామని ఎవరూ భావింపరాదు. పోలిక పద్ధతికి మాత్రమే.

ఇప్పుడు మొదటి మూలాన్ని చూద్దాం. దివ్య ఖురాన్‌లో ‘రిబా’ ప్రస్తావన నాలుగు అధ్యాయాల్లో వచ్చింది. రూమ్ అధ్యాయంలో, జనుల సొమ్ములో కలిసి పెరగాలని ఇచ్చేది దైవం వద్ద పెరగదని, జకాత్‌గా ఇచ్చినదే పెరుగుతుందని హితబోధ ఉన్నది. నిసా అధ్యాయంలో పూర్వజాతి ఒకటి నిషేధాన్ని ధిక్కరించి వడ్డీ తిన్నందుకు మందలింపు ఉన్నది. ఆలి ఇమ్రాన్ అధ్యాయంలో రెట్టింపులకు రెట్టింపులుగా పెరిగే వడ్డీని తినవద్దన్న ఆజ్ఞ ఉన్నది. బఖర అధ్యాయంలో సంపూర్ణ నిషేధం ఉన్నది. వ్యాపారమూ వడ్డీ వంటిదే కదా అని వాదించిన వారికి అక్కడ సమాధానం చెప్పబడింది: వ్యాపారం అనుమతింపబడినది, రిబా నిషేధింపబడినది. అసలు తీసుకొనే హక్కు అప్పిచ్చినవానికి మిగిలే ఉన్నది. అయితే బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వాలి. వదిలివేస్తే మరింత మేలు.

ఆ తరువాత కొద్దిలోనే వచ్చే వాక్యం ఒకటి అప్పుపత్రం వ్రాసుకోవడం గురించినది. ఖురాన్ మొత్తం మీద అదే మిక్కిలి దీర్ఘమైన వాక్యం. అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాయండి, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి, బాకీ ఉన్నవాడే చెప్పి వ్రాయించాలి, సాక్షులను పెట్టుకోండి అని అందులో ఆదేశాలున్నాయి. మా తండ్రిగారికి రాయలసీమలోని ఒక చిన్న ఊళ్ళో బట్టల అంగడి ఉండేది. అరువు పుస్తకంలో కొనుగోలుదారు చేతనే అంకె వేయించేవారు. మనవాళ్ళే కదా, నమ్మకం చాలదా అని ఎవరైనా అంటే, నమ్మకం నిలవాలనే వ్రాయిస్తున్నామని చెప్పేవారు. ఆ అలవాటుకు మూలం ఎక్కడ ఉన్నదో పెద్దయ్యాక గాని మాకు తెలియలేదు.

రెండవ మూలం సున్నత్. ప్రవక్తవారు తమ అంతిమ హజ్ ప్రసంగంలో, క్రీ.శ. 632లో, అజ్ఞానకాలపు వడ్డీలన్నీ రద్దయినవని ప్రకటిస్తూ, మొదట రద్దుచేసినది తమ పినతండ్రి అబ్బాస్ గారికి రావలసిన వడ్డీని. సంస్కరణ తన ఇంటి నుండి మొదలైతేనే దానికి విలువ. మరొక ప్రసిద్ధమైన హదీసులో ఆరు వస్తువుల పేర్లు వస్తాయి: బంగారం, వెండి, గోధుమ, యవలు, ఖర్జూరం, ఉప్పు. ఒకే జాతి వస్తువును అదే జాతి వస్తువుతో మార్చుకుంటే సరిసమానంగా, అక్కడికక్కడే మార్చుకోవాలి. జాతి వేరైతే హెచ్చుతగ్గులు ఉండవచ్చును గాని చేతికి చేయిగా జరగాలి.

ఇందులోని ఆంతర్యాన్ని బిలాల్ గారి ఉదంతం తేటతెల్లం చేస్తుంది. ఆయన ఒకనాడు ప్రవక్తవారికి మేలురకం ఖర్జూరాలు తెచ్చారు. ఎక్కడివని అడిగితే, నాసిరకం రెండు కొలతలు ఇచ్చి ఇవి ఒక కొలత తీసుకున్నానని చెప్పారు. ప్రవక్తవారు అది రిబాయే అని వారించి, నీ ఖర్జూరాలను ముందుగా అమ్ము, ఆ ధరతో ఇవి కొను అని దారి చూపారు. పైకి చూస్తే రెండింటి ఫలితమూ ఒక్కటే కదా అనిపిస్తుంది. కాదు. నడుమ సంత వచ్చింది, ధర వచ్చింది. ఏ సరుకు ఎంత చేస్తుందో నలుగురి ముందు తేలింది. తెలియనివాణ్ణి తెలిసినవాడు మోసగించే సందు మూసుకుపోయింది. మా ప్రాంతంలో పూర్వం విత్తనానికి ఒక బస్తా వేరుశనగ తీసుకున్న రైతు కోతలనాడు బస్తాన్నర కొలిచేవాడని పెద్దలు చెప్పుకునేవారు. వేరుశనగ కోసం వేరుశనగ, పైన సగం అదనం, నడుమ గడువు. వర్షం వచ్చినా రాకపోయినా బస్తాన్నర బస్తాన్నరే. ఆ హదీసు చదివినప్పుడు మాకు మదీనా నగరం కంటె ముందు మా ఊరి కళ్ళమే కళ్ళకు కట్టింది.

అయితే సున్నత్ రైతుకు ముందస్తు పైకం అందే మార్గాన్ని మూయలేదు. మదీనావారు ఏడాది, రెండేళ్ళ ముందే ఖర్జూరాలకు ధర చెల్లించే ఆచారం కలవారు. ప్రవక్తవారు దానిని రద్దు చేయక, కొలత, తూకం, గడువు ముందే తెలిసి ఉండాలని కట్టడి చేశారు. ఇదే ‘సలమ్’ ఒప్పందం. నిషేధంతోపాటు దారిని కూడా చూపడం ఈ సంప్రదాయపు లక్షణం.

మూడవది ఇజ్మా, అనగా విద్వాంసుల ఏకాభిప్రాయం. రిబా నిషిద్ధమన్నది దీనికి గొప్ప ఉదాహరణ. ఆ మూలసూత్రంలో ఏ మతశాఖకూ భేదం లేదు. భేదం వచ్చేది ఏది రిబా అన్న వద్దనే. రిబా వాక్యాలు చివరి కాలంలో అవతరించాయని, ప్రవక్తవారు వాటిని సవిస్తరంగా వివరించకముందే పరమపదించారని, కావున రిబాతోపాటు దాని అనుమానం ఉన్నదాన్ని కూడా వదలండని ఖలీఫా ఉమర్ గారు చెప్పినట్లు ఉల్లేఖన ఉన్నది. అంతటివారే జాగ్రత్తపడిన చోట మనం తొందరపడి గొంతు పెంచడం తగదు.

నాల్గవదైన ఖియాస్ వద్ద ఇమాముల ప్రతిభ కనిపిస్తుంది. ఆ ఆరు వస్తువులలో కారణ గుణం ఏది? తూకానికో కొలతకో వచ్చే ఒకే జాతి వస్తువు కావడం అని హనఫీలు అన్నారు. బంగారు వెండులలో ద్రవ్యగుణం, తక్కిన నాల్గింటిలో ఆహారగుణం అని షాఫియీలు అన్నారు. నిలువచేసుకొనే ముఖ్యాహారం కావడమని మాలికీలు అన్నారు. హదీసు చెప్పిన ఆరింటికే నిషేధం పరిమితమని, దాన్ని పొడిగించరాదని ఇబ్న్ హజ్మ్ వంటి జాహిరీ పండితులు వాదించారు. మన బియ్యం ఆ ఆరింటిలో లేదు. అయినా తూకం దారిన పోయినా, ఆహారం దారిన పోయినా, నిలువ దారిన పోయినా మొదటి ముగ్గురూ బియ్యం వద్దకే చేరుతారు. మరి ఒక పెద్ద టెంకాయ ఇచ్చి రెండు చిన్న టెంకాయలు అక్కడికక్కడే తీసుకుంటే? లెక్కపెట్టి అమ్మే వస్తువు కనుక హనఫీ మార్గంలో దోషం లేదు. ఆహారం కనుక షాఫియీ మార్గంలో దోషం. ఇద్దరూ ఆ హదీసునే చదివారు, ఇద్దరూ భక్తితోనే చదివారు. ఈ భేదాన్ని చూసి మా విద్యార్థి ఒకడు “అయితే ఎవరు ఒప్పు సార్?” అని అడిగాడు. ఒప్పుకు కారణం చెప్పగలగడం ఎంత కష్టమో ముందు తెలుసుకోమని చెప్పాము.

టెంకాయల చర్చ చిన్నదిగా కనబడవచ్చును. కాని మన జేబులోని నోటుకు ఈ చర్చే ప్రాణం. నోటు బంగారం కాదు, వెండి కాదు, తూకానికి వచ్చేది కాదు, తినేది అంతకన్నా కాదు. మరి నూరు రూపాయలు ఇచ్చి నూటపది తీసుకుంటే రిబా ఎట్లా అవుతుంది? ద్రవ్యగుణమే కారణమని గ్రహించినప్పుడు సమాధానం దొరుకుతుంది. ఇస్లామీయ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1985లో బ్యాంకు వడ్డీ రిబాయే అని తీర్మానించింది. 1986లో కాగితపు నాణెం సంపూర్ణమైన ద్రవ్యమని, రిబా, జకాత్ విధులు దానికి వర్తిస్తాయని నిర్ణయించింది. ‘బస్సెక్కాడు’ సంధి వంటిదే ఇది కూడా.

ఈ నాలుగింటికి తోడు మరికొన్ని ఉపమూలాలున్నాయి. కట్టుదిట్టమైన ఖియాస్ ప్రకారం లేని వస్తువును అమ్మరాదు. కాని వడ్రంగికి తలుపు చేయమని ముందే పురమాయించడం లోకమంతటా ఉన్నది. హనఫీలు జనావసరాన్ని గుర్తించి ‘ఇస్తిహ్‌సాన్’ ద్వారా దానిని అంగీకరించారు. ‘ఇస్తిస్నా’ ఒప్పందం అట్లా నిలబడింది. ఇమామ్ అబూ హనీఫా స్వయంగా కూఫా నగరంలో పట్టువస్త్రాల వర్తకులు. అంగడి నుండి వచ్చిన బుద్ధికి అంగడి కష్టం తెలుసు. ధర్మానికి విరుద్ధం కాని లోకాచారాన్ని ‘ఉర్ఫ్’ అంటారు. లోకశ్రేయస్సును చూడడం ‘మస్లహత్’. చెడుకు దారితీసే మార్గాన్ని ముందుగానే మూయడం ‘సద్దె జరాయి’. ఒకడు నూరు రూపాయల అప్పు కోరుతాడు. షావుకారు తన గడియారాన్ని వానికి నూటఇరవైకి అరువుగా అమ్మి, ఆ క్షణమే నూరు రొక్కమిచ్చి తిరిగి కొంటాడు. గడియారం కదలలేదు, నూరుకు నూటఇరవై మాత్రం కదిలింది. దీనిని ‘ఈనా’ అంటారు. మాలికీ, హన్బలీ పండితులు ఆ దారిని మూసివేశారు. షాఫియీ సంప్రదాయం ఒప్పందపు బాహ్యరూపాన్ని బట్టి దానిని చెల్లుబాటుగా చూసింది. మలేషియాలో ఆ రూపం చాలాకాలం వాడుకలో ఉండగా గల్ఫ్ దేశాల విద్వాంసులు అంగీకరింపలేదు.

ఈ పునాదుల మీదనే ఆధునిక సంస్థలు లేచాయి. 1963లో ఈజిప్టులోని మిత్ గమ్ర్ పట్టణంలో అహ్మద్ అల్ నజ్జార్ గారు గ్రామీణుల కొరకు వడ్డీలేని పొదుపు బ్యాంకును ఆరంభించారు. 1975లో దుబాయి ఇస్లామిక్ బ్యాంకు, జిద్దాలో ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు పని మొదలుపెట్టాయి. వాటి ఒప్పందాల పేర్లు అరబ్బీవి గాని సంగతులు మనకు కొత్తవి కావు. మన పల్లెల్లో గొర్రెలను పాలుకు ఇవ్వడం ఉన్నది. గొర్రెలు ఒకరివి, మేపేది మరొకరు, పిల్లల్లో చెరి సగం. రోగం వచ్చి గొర్రెలు చస్తే యజమానికి గొర్రెలు పోయాయి, కాపరికి కష్టం పోయింది. కాపరి నిర్లక్ష్యం చేస్తే తప్ప అతన్ని గొర్రెల ధర అడగరు. ‘ముదారబా’ అంటే దాదాపు ఇదే. ఇరుపక్షాలూ సొమ్ము పెట్టి, నష్టాన్ని ఎవరి సొమ్ము మేరకు వారు భరించడం ‘ముషారకా’. వస్తువును ముందు తాను కొని, తన స్వాధీనంలోకి తెచ్చుకొని, అసలు ధర, లాభం విప్పి చెప్పి వాయిదాల మీద అమ్మడం ‘మురాబహా’. తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని ప్రవక్తవారు హకీమ్ బిన్ హిజామ్ గారికి చెప్పిన మాటే ఆ స్వాధీన నిబంధనకు ఆధారం. కొన్న తరువాత, అమ్మేలోగా వస్తువు పాడైతే ఆ నష్టం బ్యాంకుదే.

జాగ్రత్తగా గమనిస్తే వీటన్నింటి నడుమ ఒకే దారం కనబడుతుంది. లాభం కోరేవాడు నష్టపు బరువు కూడా మోయాలి. ఒట్టోమాన్ ప్రభుత్వం 1869, 1876 సంవత్సరాల నడుమ వెలువరించిన ‘మజల్లా’ న్యాయసంహితలో ఈ నియమం చేర్చబడి ఉన్నది. ఒప్పందంలో చూడవలసినది మాటలను కాదు, ఉద్దేశాన్ని, భావాన్ని అనే నియమం కూడా అందులో ఉన్నది. మరి ఈ ఆధునిక బ్యాంకులన్నీ ఆ బరువు మోస్తున్నాయా? మోయడం లేదన్న విమర్శ విద్వాంసులలోనే ఉన్నది. సరుకును పేరుకు మాత్రమే కొని అమ్మి రొక్కం చేతికిచ్చే ‘వ్యవస్థీకృత తవర్రుఖ్’ను ఫిఖ్హ్ అకాడమీయే 2009లో తోసిపుచ్చింది. మరొక వైపు ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేక్ తంతావీ 1989లో ప్రభుత్వ పెట్టుబడి పత్రాల మీద వచ్చే ఆదాయం ధర్మబద్ధమేనని ఫత్వా ఇచ్చి పెద్ద వివాదానికి కారకులయ్యారు. పాకిస్తాన్‌లో వడ్డీకి వ్యతిరేకంగా 1991లో ఒక తీర్పు, 1999లో దానిని బలపరుస్తూ మరొకటి, 2002లో వాటి రద్దు, 2022లో తిరిగి నిషేధపు తీర్పు వచ్చాయి. నాలుగు మూలాలు ఉన్నంతమాత్రాన ప్రశ్నలు తీరిపోవు. ప్రశ్నించే పద్ధతి మాత్రం తెలుస్తుంది.

ఈ ఆలోచనకు మన హైదరాబాదు చేసిన సేవ విద్యార్థులకు తెలియవలసి ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మనాజిర్ అహసన్ గీలానీ గారు ఇస్లామీయ అర్థశాస్త్రంపై ఉర్దూలో గ్రంథం వ్రాశారు. అదే విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ గారు వడ్డీ సిద్ధాంతంపై 1940వ దశకంలో ఆంగ్లంలో పుస్తకం ప్రకటించారు. 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, అక్కడే బోధించి, పారిస్‌లో స్థిరపడి 2002లో మరణించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు హైదరాబాదులోని వడ్డీలేని రుణ సంఘాల గురించి వ్రాసి లోకానికి తెలియజేశారు. దుబాయిలో బ్యాంకు వెలియకముందే మన గల్లీల్లో ఆ ప్రయత్నం జరిగిందని చెప్పుకోవడం మనకు గర్వకారణం.

నేటి భారత చట్టంలో స్థితి వేరు. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం బ్యాంకులు సరుకులు కొని అమ్మే వ్యాపారం చేయరాదంటున్నది. మురాబహాకు అక్కడే అడ్డు వచ్చింది. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగును పరిశీలించమని సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోవడం లేదని తెలియజేసింది. ఈ ఖాళీలోకే మంచివారూ వస్తున్నారు, మాయగాళ్ళూ వస్తున్నారు.

మా మేనత్తగారి సంగతి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. మేము ఆమెను ఫుప్పూ అని పిలుస్తాము. భర్త పోయిన తరువాత కుట్టుమిషను మీద ఇద్దరు ఆడపిల్లలను పెంచారు. బ్యాంకులో వడ్డీ వస్తుందని జీవితాంతం డబ్బు వేయలేదు. పెళ్ళిళ్ళ కొరకు బంగారం కూడబెట్టారు. కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ మనుషులు వచ్చి, తమది హలాల్ వ్యాపారమని, లక్షకు నెలకు మూడు వేలు ‘లాభం’ ఇస్తామని, అసలు ఎప్పుడడిగితే అప్పుడు తిరిగి ఇస్తామని చెప్పారు. వ్యాపారం అనుమతింపబడినది, రిబా నిషిద్ధం అన్న వాక్యాన్ని అందంగా అచ్చువేసిన కాగితం చూపారు. ఫుప్పూ బంగారం అమ్మి ఆరు లక్షలు కట్టారు. ఎనిమిది నెలలు పైకం వచ్చింది. తొమ్మిదవ నెల కార్యాలయానికి తాళం పడింది. తరువాత ఆమె మాతో అన్న మాట ఒక్కటే: “వాళ్ళు ఆయతు చూపించారు కదా నాయనా! ఆయతు చూపించినవాళ్ళను ఎట్లా అనుమానించను?”

ఆ ప్రశ్నకు సమాధానం పైన చెప్పిన మూలాలలోనే ఉన్నది. అసలుకు పూచీ ఉన్నది. ప్రతి నెలా వచ్చే మొత్తం ముందే నిర్ణయమైంది. వ్యాపారం పెరిగినా తరిగినా ఆ మూడు వేలు కదలవు. పూచీ ఉన్న అసలు మీద ముందే నిర్ణయించిన అదనాన్ని ఫిఖ్హ్‌లో ఏమంటారు? దానికి లాభమని పేరు పెట్టినా అది అప్పు మీద అదనమే. ఏ వడ్డీకి భయపడి ఆమె బ్యాంకు గడప తొక్కలేదో, ఆ వడ్డీయే ‘హలాల్’ అనే ముసుగు వేసుకొని ఇంటికి వచ్చింది. సరుకు ఏది, లెక్కలు ఏవి, నష్టం వస్తే ఎవరిది అనే మూడు ప్రశ్నలు అడిగి ఉంటే ఆ కాగితం అక్కడే తేలిపోయేది. గొర్రెలను పాలుకు ఇచ్చే కాపు ఈ మూడు ప్రశ్నలు తప్పక అడుగుతాడు. ఆయతు చూడగానే మనం అడగడం మానివేస్తున్నాము. అప్పును వ్రాయండి, సాక్షులను పెట్టండి అన్న ఆయతు కూడా ఆ పుటల్లోనే ఉన్నదని మరచిపోతున్నాము. పొరుగువారి డబ్బు అక్రమంగా డిపాజిట్లుగా వసూలు చేయడాన్ని నిషేధిస్తూ 2019లో కేంద్రప్రభుత్వం ప్రత్యేక చట్టమే చేసింది. అటువంటి సంస్థకు ఏ అధికారి వద్ద నమోదు ఉన్నదో అడగడం కూడా నేడు మన బాధ్యత.

వడ్డీ బాధ ముస్లింలకు మాత్రమే సంబంధించినదని ఎవరూ అనుకోరాదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడికి తాళలేక పేదలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తల నడుమ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది. ఆ సంతకాలు చేసిన ఆడవాళ్ళలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వమన్న బోధ ఏ మతం వారికైనా అర్థమయ్యే బోధే.

అందుకే ఈ విషయాలు మన భాషలో ఉండాలని మేము కోరుతున్నాము. ఖురాన్‌ను తెలుగులోకి తొలుత తెచ్చినవారిలో చిలుకూరి నారాయణరావుగారు ఉన్నారు. ముస్లిం కాని ఒక తెలుగు పండితుడు అంత శ్రమపడగా, మన ఇళ్ళలో ఆ అర్థం నేటికీ అల్మారా మీది గుడ్డలోనే ఉండిపోవడం బాధాకరం. ఉర్దూ విభాగపు మిత్రులు ఫిఖ్హ్ గ్రంథాలను చదవగలరు. వాణిజ్యశాస్త్ర విభాగపు మిత్రులు జమాఖర్చులు విప్పగలరు. మేము తెలుగులో చెప్పగలము. ముగ్గురం కలిసి నెలకొక శనివారం విద్యార్థులకు, వారి తల్లులకు కూడా, ఒక గంట పాఠం చెప్పడం అసాధ్యం కాదు.

కళాశాల పాలకవర్గంవారికి ఒక చిన్న మనవి. ప్రతి సంవత్సరం పరీక్ష రుసుము కట్టలేక చివరి దినాన వడ్డీకి తెచ్చుకునే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. అధ్యాపకులం, పూర్వవిద్యార్థులం తలా కొంత వేసి ఖర్జె హసనా నిధిని ఒకటి ఏర్పరచవచ్చును. తీసుకున్న విద్యార్థి తానే స్వయంగా పుస్తకంలో మొత్తం, గడువు వ్రాయాలి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఒక్క రూపాయి అదనం తీసుకోరాదు. కట్టలేనివానికి గడువు పెంచాలి. సంవత్సరాంతాన లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. తొలి విరాళంగా మా ఒక నెల జీతంలో నాలుగవ వంతును సమర్పించుకుంటున్నాము. పుస్తకాన్ని వాణిజ్య విభాగం వారు తయారుచేస్తామని ఇప్పటికే మాట ఇచ్చారు. రానున్న పరీక్ష రుసుము గడువులోగా పాలకవర్గంవారు అనుమతి దయచేస్తే మొదటి పుట ఈ సంవత్సరమే తెరవవచ్చును.